ఆర్కెస్ట్రాలో ఆఖరి ప్రోగ్రాం: ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ ఎవరి పద్ధతిలో పాడాలి? డాలీ పార్టన్‌దా, విట్నీ హ్యూస్టన్‌దా?

పాలకొల్లు గాయని (ప్రశ్న):

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఇక్కడే ఒక ఆర్కెస్ట్రాలో పాడుతున్నాను. పెళ్ళిళ్ళు, తీర్థాలు, దసరా పందిళ్ళు, క్రిస్మస్ సంబరాలు, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళి పాడే బృందం మాది. మా మాస్టారు హార్మోనియం. శ్రుతిలో నిలబడటం, మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలి, పాట మధ్యలో కరెంటు పోతే జనం లేచిపోకుండా ఏం చెయ్యాలి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొదట్లో నాకు భయం పోవడానికి రెండేసి పాటలు తనే నాతో కలిసి పాడేవారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక స్కూల్లో సంగీతం టీచరుగా ఉద్యోగం వచ్చింది. సంక్రాంతి ప్రోగ్రామే మా బృందంతో ఆఖరుది. ఆయన వద్దనలేదు. కానీ ఈ సంగతి చెప్పిన రోజు నుంచీ నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడట్లేదు. నాకు అన్నం సహించట్లేదండి.

ఆ రోజు చివర్లో ఆయన కోసం ఒక పాట పాడాలని ఉంది. అందరూ పాడే వీడ్కోలు పాటలన్నీ కాలేజీ ఫేర్‌వెల్ పార్టీల్లో అరిగిపోయాయి. నాకు బాగా నచ్చిన ఇంగ్లీషు పాట ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. అమెరికా గాయని విట్నీ హ్యూస్టన్ పాడింది విని నేర్చుకున్నాను. మా కీబోర్డు అబ్బాయికి చెబితే, “అది హీరో హీరోయిన్ల పాట, మాస్టారి మీద పాడితే జనం ఏమనుకుంటారు” అన్నాడు. ఈలోగా అక్కడి ఇంకో గాయని డాలీ పార్టన్ పాడింది విన్నాను. అసలు పాట ఆవిడదేనట. రెండూ వింటే ఒక పాటలా లేవు. మధ్యలో ఇంకా చాలామంది పాడారు.

ఇది మాస్టారి కోసం పాడదగిన పాటేనా? పాడితే ఎవరి పద్ధతిలో పాడాలి? శ్రుతి ఎంతకి పెట్టుకోవాలి? హార్మోనియం మెట్ల లెక్కలో నాది మామూలుగా ఐదున్నర, ఆరు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

భీమవరం డ్రమ్స్:

అక్కా, ఆలోచించకుండా విట్నీదే పాడండి. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమాకి పాడిన ఆ పాట అమెరికాలో 14 వారాలు నంబర్ వన్‌గా ఉంది. మన జనానికి తెలిసింది కూడా అదే. చివర్లో ఒక్క క్షణం అంతా ఆగిపోయి, డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడి, ఆవిడ గొంతు పైకి లేస్తుంది చూడండి, అక్కడ మైదానంలో ఒక్కడు కూర్చుని ఉండడు. ఆ దెబ్బ కొట్టడం కోసమే నేను ఈ పాట రోజుల తరబడి ప్రాక్టీసు చేశాను. డాలీ పార్టన్ వెర్షన్ మంచిదే, కానీ రాత్రి పదకొండింటికి జాతర జనం ముందు అంత మెల్లని పాట నిలబడదని నా అభిప్రాయం.

అమలాపురం క్యాసెట్ల కొట్టు:

అమ్మా, ముందు ఈ పాట మాస్టారికి పాడదగిందేనా అన్న అనుమానం తీరుస్తాను. అది తీరితే ఎవరి పద్ధతి అన్నది దానంతటదే తేలిపోతుంది.

ఈ పాట ప్రియుడి కోసం పుట్టింది కాదు. మీలాగే బృందం వదిలి వెళ్ళిపోతున్న ఒక గాయని, తనని పైకి తెచ్చిన పెద్దాయన కోసం రాసుకున్న పాట. ఆయన పేరు పోర్టర్ వ్యాగనర్. అమెరికాలోని నాష్‌విల్‌లో సొంత టీవీ కార్యక్రమం నడిపేవాడు, తళుకులు కుట్టిన కోట్లు వేసుకుని పాడేవాడు. 1967లో డాలీని తన కార్యక్రమంలోకి తీసుకున్నాడు. అప్పటికి ఆవిడకి 21 ఏళ్ళు. అంతకు ముందు ఆ చోట్లో నార్మా జీన్ అనే గాయని ఉండేది. జనం ఆవిడే కావాలని అరుస్తుంటే, పోర్టర్ పక్కన నిలబడి డాలీతో కలిసి పాడి ఆవిడని నిలబెట్టాడు. మీ మాస్టారు మొదట్లో మీతో కలిసి పాడేవారని రాశారే, అది చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఐదేళ్ళు ఉంటానని చేరిన మనిషి ఏడేళ్ళు ఉండిపోయింది. సొంతంగా పాడుకోవాలి, సొంత బృందం కట్టుకోవాలి అని ఆవిడ ఆశ. ఆయన ససేమిరా అన్నాడు. ఇద్దరూ మొండివాళ్ళే. రోజూ వాదులాట. నోటితో చెబితే వినట్లేదని ఇంటికి వెళ్ళి పాట రాసి, మర్నాడు ఆయన్ని కూర్చోబెట్టి గిటారు మీద పాడి వినిపించింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంత మంచి పాట నేను వినలేదు, వెళ్ళు, కానీ ఈ రికార్డు మాత్రం నేనే చేయిస్తాను అన్నాడట. ఈ సంగతి డాలీయే చాలా చోట్ల చెప్పింది. 1973 జూన్‌లో నాష్‌విల్‌లో ఆర్‌సీఏ రికార్డు కంపెనీ వాళ్ళ స్టూడియో బీలో రికార్డు చేశారు. 1974లో విడుదలై కంట్రీ పాటల్లో, అంటే అమెరికా పల్లె బాణీ పాటల్లో, మొదటి స్థానానికి వెళ్ళింది.

కాబట్టి మీ కీబోర్డు అబ్బాయికి ఈ కథ చెప్పండి. మీరు ఆ పాట పాడటం కాదమ్మా, ఆ పాట ఏ సందర్భంలో పుట్టిందో సరిగ్గా ఆ సందర్భంలోనే మీరు నిలబడి ఉన్నారు.

ఇక ఎవరి పద్ధతి అన్నది. నాకు అమలాపురంలో క్యాసెట్ రికార్డింగ్ కొట్టు ఉండేది. కాగితం మీద పాటల వరస రాసిచ్చి ఖాళీ క్యాసెట్ ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాణ్ణి. మస్కట్, కువైట్ నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు క్యాసెట్లు తెచ్చేవారు. అలా ఒక నర్సమ్మగారు బాడీగార్డ్ క్యాసెట్ తెచ్చారు, వేరే ఒకాయన డాలీ పార్టన్ పాత క్యాసెట్ తెచ్చారు. ఆ రెండూ ఒక వారం నా దగ్గరే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ఆ ఒక్క పాటే వేసుకుని వినేవాణ్ణి. డాలీది మూడు నిమిషాల లోపే అయిపోతుంది. విట్నీది నాలుగున్నర నిమిషాలు. పాట ఒకటే, సాహిత్యం ఒకటే, ఆ నిమిషంన్నర ఎక్కడ పెరిగిందా అని వెతికేవాణ్ణి.

మన వైపు వాళ్ళకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. తిరుపతి వేంకట కవుల కృష్ణరాయబారం పద్యం షణ్ముఖి ఆంజనేయరాజు గారు పాడితే ఒక కృష్ణుడు, పీసపాటి నరసింహమూర్తి గారు పాడితే ఇంకో కృష్ణుడు. ఆయన రాగం ఎత్తుకుంటే మైదానం ఊగిపోయేది, ఈయన మాట విరుపుతో మనిషిని లాక్కునేవాడు. ఆ జంట కవుల్లో ఒకరైన, ఎండగండిలో పుట్టిన దివాకర్ల వారికి రెండూ సొంతమే. అలాగే ఇక్కడ డాలీ మాట చెబుతుంది, విట్నీ రాగం తీస్తుంది.

డాలీ రికార్డులో అందరూ దాటేసి వెళ్ళిపోయే సంగతి ఒకటుంది. మూడో చరణం ఆవిడ పాడదు, మాటల్లో చెబుతుంది. నీ బతుకు చల్లగా సాగాలి, నువ్వు కోరుకున్నవన్నీ నీకు దక్కాలి అని ఎదుటి మనిషిని దీవించే చరణం అది. మొదటి చరణంలో నేనుంటే నీకు అడ్డు, అందుకే వెళ్తున్నా అంటుంది. రెండో చరణంలో జ్ఞాపకాలు తప్ప ఏమీ తీసుకెళ్ళట్లేదు, ఏడవద్దు అంటుంది. మూడో దానికి వచ్చేసరికి గొంతు పాటలోంచి మాటలోకి దిగిపోతుంది. కంట్రీ పాటల్లో మధ్యలో ఇలా మాటగా చెప్పడం పాత అలవాటే, కానీ ఇక్కడ అది అలవాటు కోసం చేసినట్టు ఉండదు. గది దాటబోతూ గుమ్మంలో ఆగి చెప్పినట్టు ఉంటుంది.

1975లో లిండా రాన్‌స్టాట్ అనే ఇంకో గాయని ఈ పాట పాడింది. గొప్ప గొంతు. అయితే ఆవిడ రికార్డులో ఆ మూడో చరణం లేదు. బాడీగార్డ్ సినిమాకి ముందు వేరే పాట అనుకున్నారు, అది అప్పటికే ఇంకో సినిమాలో వచ్చేసిందని తెలిసి, హీరో కెవిన్ కాస్ట్‌నర్ ఈ పాట సూచించాడు. సంగీతం చేసిన డేవిడ్ ఫాస్టర్ రాన్‌స్టాట్ రికార్డు తీసుకుని పని మొదలుపెట్టాడు. ఆ సంగతి తెలిసి డాలీ, దానికి ఇంకో చరణం ఉందయ్యా అని ఆయనకి చెప్పింది. అలా ఆ చరణం విట్నీ పాటలోకి చేరింది.

ఇప్పుడు విట్నీ పాట మళ్ళీ ఒకసారి వినండి. భీమవరం తమ్ముడు చెప్పిన ఆ నిశ్శబ్దం, ఆ డ్రమ్ము దెబ్బ, గొంతు పైకి లేవడం, అవన్నీ ఎక్కడున్నాయి? సరిగ్గా ఆ దీవెన చరణం ముగిసిన చోట. ఆ చరణమే లేకపోతే ఆ గొంతు లేవడానికి నేల ఎక్కడుంది? నంబర్ వన్ సంగతి నేను కాదనను, 1994లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ అవార్డు కూడా వచ్చింది దానికి. నేను చెప్పేది ఏమిటంటే, ఏ పద్ధతిలో పాడినా ప్రాణం ఆ చరణంలో ఉంది. సినిమాలోనే ఒక సీన్లో ఇదే పాటని జాన్ డో అనే ఆయన గొంతులో వినిపిస్తారు, హీరో హీరోయిన్లు డాన్సు చేస్తుంటే వెనకాల వస్తుంది. అది పెద్దగా ఎవరూ పట్టించుకోరు. 1995లో డాలీ, విన్స్ గిల్ అనే కంట్రీ గాయకుడితో కలిసి మళ్ళీ పాడింది. 2012లో విట్నీ చనిపోయిన మర్నాడే గ్రామీ వేదిక మీద జెన్నిఫర్ హడ్సన్ అనే గాయని పాడింది. ఆ వేదిక మీద అది మళ్ళీ వీడ్కోలు పాటే అయ్యింది.

నా మాట వింటే డాలీ పద్ధతిలో పాడండి. మీరు జనానికి కాదు, ఒక్క మనిషికి పాడుతున్నారు.

శ్రుతి గురించి: డాలీది ఏ మేజర్, అంటే మన లెక్కలో ఆరు. విట్నీ కూడా ఆరులోనే ఎత్తుకుని, ఆ డ్రమ్ము దెబ్బ దగ్గర ఏడుకి వెళ్తుంది. పైగా మొదట దాదాపు ముప్పావు నిమిషం వాద్యమే ఉండదు. బయట స్టేజీ మీద, పక్కన జనరేటర్ హోరు పెడుతుంటే, ఆధారం లేకుండా శ్రుతి పట్టుకోవడం చాలా కష్టం. కాస్త దిగినా, కీబోర్డు అందుకునే చోట తేడా అందరికీ తెలిసిపోతుంది.

పాలకొల్లు గాయని:

బాబాయ్ గారూ, చదువుతుంటే ఏడుపొచ్చేసిందండి. ఇది పోర్టర్ గారి కోసమే రాసిన పాటన్న సంగతి నాకు అసలు తెలియదు. మరి ఆ తర్వాత వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారా? నా భయమంతా అదే.

ఇంకొకటి. మాస్టారే హార్మోనియం కదా. ఆయన కోసం పాడే పాటకి ఆయన్నే వాయించమనడం బాగుంటుందా, లేక ముందు వరసలో కూర్చోబెట్టాలా?

నర్సాపురం క్వయర్:

చెల్లీ, మా చర్చి క్వయర్‌లో నేను ఈ పాట ఇద్దరు ముగ్గురు పిల్లలకి నేర్పాను. నేను మాత్రం లిండా రాన్‌స్టాట్‌ది ముందు నేర్చుకోమంటాను. చరణం తక్కువైతే ఏం, ఆవిడ ఒక్కో వాక్యం ఎంత నిబ్బరంగా నడుపుతుందో వినండి. గమకాలు లేవు, అరుపు లేదు, ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలియదు. విట్నీని అనుకరించే పిల్లలందరికీ ఒకటే జబ్బు. పల్లవిలో మొదటి అక్షరం మీదే ఊపిరంతా ఖర్చు పెట్టేసి, తర్వాత మాటలు మింగేస్తారు. ఆ సాగదీసే చోటికి ముందు, చరణం ఆఖరి మాట కాస్త తొందరగా ముగించి పొట్ట నిండా గాలి తీసుకోండి. సాగదీసేటప్పుడు దవడ బిగించకండి. మొదట సన్నగా పట్టుకుని, నిలబడ్డాక కొంచెం తెరవండి. పల్లవి మూడుసార్లూ ఒకే బలంతో పాడకండి, రెండోసారి తగ్గించండి.

మాస్టారి సంగతి అడిగారు. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. కళ్ళల్లోకి చూసి పాడే పాట ఇది. వాయిస్తూ ఉంటే ఆయన తల మెట్ల మీదే ఉంటుంది.

అమలాపురం క్యాసెట్ల కొట్టు:

నర్సాపురం అమ్మాయి ఊపిరి గురించి చెప్పింది అక్షరాలా పాటించండి. మాస్టారి విషయంలో మాత్రం ఒప్పుకోను. పోర్టర్ ఏమన్నాడు? వెళ్ళు, కానీ రికార్డు నేనే చేయిస్తానన్నాడు. మీ మాస్టారికి కూడా అదే మర్యాద. జీవితమంతా స్టేజీ మీద కూర్చున్న మనిషిని ఆ రోజు కింద కుర్చీలో కూర్చోబెడితే ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదమ్మా. శ్రుతి ఆయన్నే ఇవ్వనివ్వండి.

వాళ్ళిద్దరూ బాగున్నారా అని అడిగారు. నిజమే చెబుతాను. మధ్యలో బాగా చెడింది. 1979లో ఆయన ఒప్పందాల విషయమై ఆవిడ మీద కోర్టుకి వెళ్ళాడు. తర్వాత బయటే రాజీ చేసుకున్నారు. మెల్లగా మాటలు కలిశాయి. 2007లో ఆయన నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ సంగీత కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీలో చేరి 50 ఏళ్ళయిందని జరిపిన సభకి ఆవిడ వచ్చింది. ఆ అక్టోబరులోనే ఆయన పోయాడు. మీ మధ్య డబ్బు లెక్కలేవీ లేవు కాబట్టి అంత దూరం రాదు. మాట్లాడకపోవడం కోపం కాదు, దిగులు.

డాలీ గట్టితనం తెలిసే సంగతి ఇంకోటి చెప్పి ముగిస్తాను. ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడతానన్నాడు. ఆవిడ పొంగిపోయింది. రికార్డింగుకి ముందు ఆయన మేనేజరు కల్నల్ పార్కర్, పాట హక్కుల్లో సగం మాకు రాసివ్వాలి అన్నాడు. ఎల్విస్ అంతటివాడి గొంతులో వస్తుందంటే ఎవరైనా రాసిచ్చేస్తారు. ఆవిడ ఇవ్వలేదు. రాత్రంతా ఏడ్చానని తనే చెప్పుకుంది, అయినా ఇవ్వలేదు. 1982లో బర్ట్ రేనాల్డ్స్‌తో చేసిన సినిమా కోసం తనే మళ్ళీ పాడితే అదీ కంట్రీలో మొదటి స్థానానికి వెళ్ళింది. పదేళ్ళ తర్వాత విట్నీ పాడినప్పుడు హక్కులన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. వదులుకోవడం, పట్టుకోవడం రెండూ తెలిసిన మనిషి కాబట్టే ఆ పాట అలా రాయగలిగింది.

ఇక సౌండ్ వాళ్ళ సంగతి. మన వైపు మిక్సర్ దగ్గర కూర్చునే కుర్రాళ్ళు ఏ పాటకైనా ఎకో నిండా పెట్టేస్తారు. రాగానికి అది బాగుంటుంది, మాటకి పనికిరాదు. మీరు మూడో చరణం మాటల్లో చెప్పే ముందు ఎకో పూర్తిగా తీసేయమని ముందే చెప్పుకోండి. చెయ్యి ఎత్తితే తీసేయాలి, దించితే మళ్ళీ పెట్టాలి, అంతే. లేకపోతే ఒక మాట మీద ఇంకో మాట పడి ఒక్క ముక్కా తెలియదు. ఆ చరణానికి మైకు పెదాలకి దగ్గరగా తెచ్చుకుని మామూలు గొంతుతో చెప్పండి. కీబోర్డు, డ్రమ్స్ ఆపేయాలి. హార్మోనియం ఒక్కటే వెనకాల సన్నగా ఉంటే చాలు. మాస్టారికి ఇంగ్లీషు రాకపోతే, పాట ఎత్తుకునే ముందు ఇది ఎవరు ఎవరి కోసం రాశారో తెలుగులో క్లుప్తంగా చెప్పండి. జనానికీ అనుమానం ఉండదు.

భీమవరం డ్రమ్స్:

బాబాయ్ గారు చెప్పాక నాకూ డాలీదే కరెక్ట్ అనిపిస్తోంది అక్కా. డ్రమ్స్ వాళ్ళకి ఒక మాట చెప్పండి. కర్రలతో వద్దు, బ్రష్షులతో వాయించమనండి. బ్రష్షులు లేకపోతే స్నేర్ డ్రమ్ము మీద పల్చటి తువ్వాలు పరిచి మెల్లగా కొడితే సరిపోతుంది, మేం చర్చి ప్రోగ్రాముల్లో అలాగే చేస్తాం. మూడో చరణం అయ్యాక మాత్రం గట్టి దెబ్బ వద్దు, తిన్నగా పల్లవిలోకి వచ్చేయండి.

పాలకొల్లు గాయని:

అందరికీ చాలా చాలా థాంక్సండి. నిన్న రిహార్సల్ అయ్యాక ధైర్యం చేసి మాస్టారితో, “ఆఖర్న ఒక ఇంగ్లీషు పాట పాడతానండి, మీరే వాయించాలి” అన్నాను. ఏ పాట అని అడగలేదు. “శ్రుతి ఎంత” అన్నారు. ఆరు అన్నాను. ఫోన్లో డాలీ పాట పెట్టమని, ఒక చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నారు. మాటలు చెప్పే చోట మాత్రం రెండోసారి పెట్టించుకున్నారు. విని, “సంక్రాంతి మంచులో రాత్రి పన్నెండింటికి నీ గొంతు ఆరు అందుకోదు, ఐదున్నరకి దించు” అని నల్లమెట్టు నొక్కి పట్టుకుని పాడమన్నారు. పల్లవిలో ఊపిరి ఎక్కడ తియ్యాలో నర్సాపురం అక్క చెప్పిన చోటే ఆయనా చెప్పారు!

కీబోర్డు అబ్బాయికి కథంతా చెప్పాను. కీబోర్డు శ్రుతి అర మెట్టు దిగేలా ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెట్టుకుని రేపు మళ్ళీ కూర్చుందాం అన్నాడు. మా డ్రమ్స్ వాళ్ళ దగ్గర బ్రష్షులు లేవు, తువ్వాలే పరుస్తాం.